చిట్టా పుస్తకం

కోడలు పిల్లా,

మొన్న ఆదివారం నువ్వు సంచీలోంచి తీసి చూపించిన బొమ్మల పుస్తకం గురించి అప్పుడు నేనేమీ అనలేదు. భోజనాల వేళ, పైగా మీ అత్తయ్య పక్కనే ఉంది. నేను నోరు తెరిస్తే పాఠం మొదలవుతుందని ఆవిడ భయం. అందుకని ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. దెప్పుతున్నాననుకోకు. నలభై ఏళ్లు సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంటులో రంగులూ రంపపుపొట్టూ పీల్చిన మనిషిని. మేనమామనైనందుకైనా నీకు ఈ నాలుగు ముక్కలూ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పుస్తకం బంగారంలా ఉంది. గట్టి అట్ట, దళసరి కాగితం, మూసి ఉంచడానికి రబ్బరు పట్టీ. మొదటి పేజీలో నెమలి. రెండో పేజీలో కోలకళ్ల అమ్మాయి. మూడో పేజీలో గోపురం, నీడలతో సహా. ఆ తరవాత తిప్పాను, తిప్పాను, వెనక అట్ట దాకా తెలుపే. "ఏమే, మిగతావి?" అంటే, "మంచి ఐడియా రావాలి మామయ్యా. ఇంత ఖరీదు పెట్టి కొన్నాక పాడు చెయ్యబుద్ధి కావడం లేదు" అన్నావు.

నీ జబ్బంతా ఆ ఒక్క మాటలో ఉంది. మందు కూడా మనింట్లోనే ఉంది.

పాలకొల్లులో మీ తాతయ్య బియ్యం కొట్టు నీకు గుర్తుండదు. నువ్వు పుట్టేనాటికి అది మూతపడింది. ఆ కొట్లో రెండు పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా, రెండోది ఆవర్జా. చిట్టా గల్లాపెట్టె పక్కన పడి ఉండేది. ఎవరికి ఎన్ని కుంచాలు కొలిచినా, ఎవరు అప్పు పెట్టినా, బండివాడికి టీ డబ్బులిచ్చినా అప్పటికప్పుడు అందులో పడాల్సిందే. నూనె వేళ్ల మరకలు, కొట్టివేతలు, ఒకదాని మీద ఒకటి అంకెలు. కొట్టు కట్టేశాక తాతయ్య దీపం ముందు కూచుని చిట్టాలోంచి ఏరి ఆవర్జాలోకి ఎక్కించేవాడు. ఆవర్జాలో అక్షరాలు ముత్యాల కోవ. అధికారులు వస్తే చూపించేది ఆవర్జానే. కానీ వ్యాపారం నడిచింది చిట్టా మీద. చిట్టా అసహ్యంగా ఉందని ఆయన ఏనాడూ సిగ్గుపడలేదు. ఒకరోజు చిట్టా రాయకపోతే మాత్రం అన్నం సయించేది కాదు.

నువ్వు కొన్నది చిట్టా. రాస్తున్నది ఆవర్జా. అందుకే మూడు పేజీల దగ్గర ఆగిపోయావు.

నీ ట్యాబ్‌లో ఉన్న ముప్ఫై బొమ్మలు, ఆఫీసులకి పట్టుకెళ్లి చూపించేవి, అవి ఆవర్జా. బాగున్నాయి, ఉండనీ. కానీ వాటి వెనక చిట్టా లేదని అనుభవం ఉన్న ఏ ఆర్ట్ డైరెక్టరుకైనా నిమిషంలో తెలిసిపోతుంది. ఆ గోపురం నువ్వు చూసి వేసింది కాదు, ఇంకెవరో చూసి వేసినదాన్ని చూసి వేసింది. నీ ఊరు పాలకొల్లు. క్షీరారామం గోపురం కింద పెరిగినదానివి. ఆ గోపురానికి తొమ్మిది అంతస్తులు. నీ బొమ్మలో ఏడే ఉన్నాయి, అదీ తమిళ దేశపు వాటం!

చిట్టా అంటే గుర్తొచ్చింది. సత్యజిత్ రాయ్ దగ్గర బెంగాలీ కొట్లలో పద్దులు రాసుకునే ఎర్ర గుడ్డ అట్ట పుస్తకాలు బొత్తులు బొత్తులుగా ఉండేవి. వాటిని వాళ్లు ఖేరోర్ ఖాతా అంటారు. స్క్రిప్టు, డైలాగు, పాత్రల ముఖాలు, దుస్తులు, సెట్టు ప్లాను, సంగీతం నోట్సు, అన్నీ అందులోనే కలగాపులగంగా ఉండేవి. అంత పేరున్న మనిషి ఆర్టు షాపుకి వెళ్లి నగిషీ పుస్తకం కొనుక్కోలేకా? పద్దుల పుస్తకం ముందు కూచుంటే మనిషికి భయం వెయ్యదు. నాకు తోచిన కారణం అదే. అంతకు ముందు, 1955లో వచ్చిన 'పథేర్ పాంచాలి'కి కూడా ఆయన మామూలు పద్ధతిలో స్క్రిప్టు రాసుకోలేదు. సినిమా మొత్తం ఒక పుస్తకంలో సిరాతో బొమ్మలుగా గీసుకుని, నిర్మాతల గుమ్మాలు ఎక్కేటప్పుడు దాన్నే పట్టుకెళ్లాడు.

మన వైపైతే బాపు గారు. నరసాపురం మనకి ఎంత దూరమని! 1933లో అక్కడ పుట్టారు, మద్రాసులో లా చదివారు, పత్రికల్లో బొమ్మలేశారు, 1967లో 'సాక్షి' తీశారు. ఆయన సినిమా అంటే ముందు కాగితం మీద తయారయ్యేది. ఏ షాట్‌లో ఎవరు ఎక్కడుంటారు, కెమెరా ఎక్కడుంటుంది, అన్నీ చిన్న చిన్న గడుల్లో గీసుకుని షూటింగుకి వెళ్లేవారు. ఇప్పుడు మీరు స్టోరీబోర్డు అని పెద్ద పేరు పెట్టుకున్నది ఆయన అప్పట్లోనే చేసుకున్న పని. అన్నట్టు ఆ 'సాక్షి'కే పోస్టర్లు వేసి రంగంలోకి దిగిన ఈశ్వర్ గారు మన పాలకొల్లు ఆయనే. 2021లో పోయారు. 'సినిమా పోస్టర్' అని ఆయన రాసిన పుస్తకం నా బీరువాలో ఉంది. పట్టుకెళ్లు, కానీ తిరిగి ఇవ్వు.

బాపు గారి దగ్గర మన కుర్రాళ్లందరూ నేర్చుకున్నది కళ్లూ ముక్కూ వేసే తీరు ఒక్కటే. ఆ కోలకళ్లు, ఆ జడ, ఆ నడుం ఒంపు. నీ రెండో పేజీ అమ్మాయి కూడా ఆ తానులో ముక్కే. తప్పు పట్టను, నేనూ ఇరవై ఏళ్ల వయసులో అదే చేశాను. అయితే ఒక్కసారి ఆయన బొమ్మలో అమ్మాయిని వదిలేసి వెనక ఉన్నవి చూడు. కవ్వం తాడు ఎటు చుట్టి ఉంది, నులకమంచం కోడు ఎలా తిరిగి ఉంది, కావిడి మోసేవాడి భుజం ఏ వైపు వంగింది. అర గీతలో అయిపోతుంది, కానీ ఎక్కడా తప్పు ఉండదు. వారం వారం గడువుకి వందల కథలకి బొమ్మలిచ్చిన చెయ్యి అది. పదిహేను గీతలతో మనిషి నిలబడ్డాడంటే ఆ పదిహేనూ తెలిసి ఉంచినవి. మనం మిగిలిన గీతల్ని కాపీ కొడతాం. ఆయన ఏవి వదిలేశారో మనకి తెలీదు.

ఇక నా భాగోతం చెబుతాను. మీ అమ్మకి కూడా తెలీదు ఇది.

మద్రాసులో అసిస్టెంటుగా చేరిన రెండో ఏడో, మూడో ఏడో. సినిమా పేరు వద్దులే. జమీందారు ఇంటి సింహద్వారం స్కెచ్ వెయ్యమన్నారు. వేశాను చూడు! ద్వారబంధం మీద గజలక్ష్మి, లతలు, చిలకలు, పక్కన అరుగుల మీద పడే ఎండ. వాటర్ కలర్ వాష్ ఇచ్చాను. చూసినవాళ్లందరూ బాగుందన్నారు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. వడ్రంగి మేస్త్రి వచ్చి కొలతలడిగితే, ఒకటీ అరా ఊహించి చెప్పేశాను. రెండు రాత్రుళ్లు కూచుని చెక్కారు పాపం. మూడోనాడు పొద్దున్న షాటు. పెళ్లికొడుకు పల్లకీ ఆ గుమ్మంలోంచి లోపలికి రావాలి. బోయీలు వచ్చారు, పల్లకీ ఎత్తారు, గుమ్మం దాకా వచ్చారు, ఆగిపోయారు. పల్లకీ పట్టదు. పక్కకి తిప్పారు, వంచారు, పెళ్లికొడుకు తురాయి ఊడింది. చివరికి నా చిలకలన్నిటినీ రంపంతో కోసి గుమ్మం వెడల్పు చేసేసరికి మధ్యాహ్నం దాటింది. మేస్త్రి రంపం పక్కన పెట్టి, చెమట తుడుచుకుని, చాలా నెమ్మదిగా అడిగాడు: "బాబూ, పల్లకీ ఎప్పుడైనా చూశావా?" చూశానన్నాను. "ఎక్కడ?" అన్నాడు. సినిమాల్లో అన్నాను. సెట్టంతా నవ్వు.

ఆ సాయంత్రం మౌంట్ రోడ్డులో రూపాయికో రెండు రూపాయలకో ఒక గీతల్లేని నోట్‌బుక్కు కొన్నాను. మొదటి పేజీలో ఆ పల్లకీయే వేశాను, ప్రాపర్టీ రూములో దాని పక్కన కూచుని. బొమ్మ ఘోరంగా వచ్చింది. కానీ దండె ఎంత పొడుగు, పెట్టె ఎంత వెడల్పు, బోయీల భుజం ఎంత ఎత్తున ఉంటుంది, అన్నీ పక్కన రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. ఎవరికీ చూపించను, అంత వికారంగా ఉంటుంది. తరవాత నాలుగు సినిమాల్లో పల్లకీలు వచ్చాయి. నాలుగుసార్లూ ఆ పేజీయే తీశాను.

అందుకని నా మొదటి మాట. వస్తువు వేస్తే పక్కన మనిషిని నిలబెట్టు. తలుపు పక్కన, బావి పక్కన, ఆటో పక్కన, ఎక్కడైనా సరే ఒక కర్రబొమ్మ మనిషి చాలు. కొలత దానంతటదే తెలుస్తుంది. రెండోది, టేపు లేకపోతే చేతులున్నాయి కదా. బెత్తెడు, జానెడు, మూర, బార. మన పెద్దవాళ్లు ఇళ్లు కట్టింది వీటితోనే. నీ జాన ఎన్ని అంగుళాలో ఒకసారి స్కేలు పెట్టి చూసి, పుస్తకం అట్ట లోపల రాసుకో. నాది సరిగ్గా 9 అంగుళాలు. నీ చెయ్యి చిన్నది, ఏడున్నర ఉంటుందేమో. ఎక్కడికెళ్లినా ఆ జానతో కొలిచి అంకె వెయ్యి.

మూడోది, మాటలు రాయి. బొమ్మ పక్కన అక్షరాలుంటే అందం చెడిపోతుందని అనుకుంటున్నావు కదూ? చెడిపోనీ. "సున్నం మీద నీలిమందు ఎక్కువైంది", "గడప అరిగి మధ్యలో పల్లం పడింది", "పొద్దున్న ఏడున్నర, ఎండ ఎడమ నుంచి" అని రాసుకున్న పేజీ ఐదేళ్ల తరవాత కూడా నోరు విప్పి మాట్లాడుతుంది.

ఎక్కడికి పోయి వెయ్యాలి మామయ్యా అని అడుగుతావు. ఇప్పుడు నువ్వున్న హైదరాబాదే మహా విశ్వవిద్యాలయం, నీకు తెలియక గానీ. 1976లో నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియో తెరిచేనాటికి ఆ చుట్టుపక్కలంతా రాళ్లూ తుప్పలేనని పాతవాళ్లు చెప్పేవారు. నేను మద్రాసు నుంచి మూటా ముల్లే సర్దుకుని వచ్చేసరికి కూడా జూబ్లీహిల్స్‌లో బంగళాకీ బంగళాకీ మధ్య ఇంకా గుట్టలు ఉండేవి. ఇప్పుడు చాలావాటిని పేల్చేశారు. మిగిలినవి కొన్ని ఇళ్ల ప్రహరీల్లో ఇరుక్కుని ఉన్నాయి, కొన్ని కేబీఆర్ పార్కులో ఉన్నాయి. ముందు ఆ రాళ్లు వెయ్యి.

నవ్వకు. రాయంత మంచి గురువు లేడు. కదలదు, డబ్బులడగదు, బాగా రాలేదని మొహం మాడ్చుకోదు. ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లంటారు. ఉల్లిపాయ పొరల్లా పైన రేకలు ఊడుతూ ఊడుతూ ఇలా గుండ్రబడింది. అది తెలిశాక వేస్తే నీ గీత వేరుగా వస్తుంది. పగులు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో నీ కన్ను ముందే వెతుకుతుంది. మన సెట్లలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రాళ్లు చేసి బూడిదరంగు కొట్టేస్తారు, అందుకే అవి బస్తాల్లా కనిపిస్తాయి. నిజం రాయి దగ్గరికెళ్లి చూడు. లేత గులాబి ఉంటుంది, ఇనుప తుప్పు రంగు ఉంటుంది, వాననీళ్లు కారి కారి కట్టిన నల్ల చారలుంటాయి. ఒకే రాయిని పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి వెయ్యి. లైటింగు గురించి ఏ కెమెరామనూ చెప్పనిది అది చెబుతుంది. పార్కులో నెమళ్లు కూడా ఉన్నాయిలే. కానీ పురి విప్పిన నెమలి వెయ్యకు. ముడుచుకుని, తోక ఈడ్చుకుంటూ పొదలోకి దూరే నెమలి వెయ్యి చూద్దాం.

తరవాత మనుషులు. తెల్లవారుజామున ఐదున్నరకి కృష్ణానగర్‌లో దిగు. జూనియర్ ఆర్టిస్టులు బ్యాగులు పట్టుకుని బండ్ల కోసం నిలబడి ఉంటారు. నిలబడటంలో ఎన్ని రకాలున్నాయో అక్కడ చూడాలి. ఒక కాలు మీద బరువు వేసినవాడు, స్తంభానికి చేరగిలబడ్డవాడు, చేతిలో టీ గ్లాసు చల్లారిపోయినా తాగడం మరచినవాడు, అద్దంలో బొట్టు సరిచేసుకునే అమ్మ. మొహాలు వెయ్యకు, మొహాలు తరవాత. బరువు ఎక్కడుందో ఒక్క గీతలో పట్టుకో. తల నుంచి, బరువు మోసే మడమ దాకా ఒక గీత. అది నిటారుగా ఎప్పుడూ ఉండదు. ఒక్కొక్కరికి అర నిమిషం. వాళ్లు కదిలిపోతే పోనీ, పక్కవాళ్లని పట్టుకో. పేజీకి పదిహేను మంది పట్టాలి. ఆ పేజీ చూసి నీకే నవ్వొస్తుంది, కోళ్లు గీకినట్టుంటుంది. రెండు నెలలు పోయాక ఆ కోడిగీతల్లోంచి ఒకడు లేచి నిలబడతాడు. ఎప్పుడు నిలబడ్డాడో నీకు తెలియదు.

ఒక మర్యాద. ఎవరైనా గమనిస్తే పుస్తకం దాచుకోకు. నవ్వి చూపించు, అక్కా మీ చీరకట్టు వేసుకుంటున్నానని చెప్పు. వద్దంటే మూసెయ్యి. వాళ్లది ఆకలి పని, మనకి అది వేడుక కాకూడదు. నాకు తెలిసి వద్దన్నవాళ్లు తక్కువే. ఒకావిడ నా బొమ్మ చూసి, "నా ముక్కు ఇంత లావా?" అని పోట్లాడింది. ఆవిడ ముక్కు ఆవిడకే బాగా తెలుసు మరి, దిద్దుకున్నాను.

మెట్రోలో మాత్రం గీయకు. చూడు. ఎదురుగా కూచున్న ఒక్కర్ని ఎంచుకుని నాలుగు స్టేషన్ల దూరం చూడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు స్టేషన్లో దిగాక, మెట్ల పక్కన నిలబడి గుర్తున్నంత వెయ్యి. మొదట్లో చొక్కా రంగు తప్ప ఏదీ గుర్తుండదు. మనం చూస్తున్నామనుకుని ఎంత చూడకుండా బతుకుతున్నామో ఆ నాలుగు స్టేషన్లలో బయటపడుతుంది.

ఇంట్లో కూచున్నప్పుడు నీ ఎడమ చెయ్యి వెయ్యి, కాగితం వంక చూడకుండా. కన్ను వేలి అంచు మీద చీమలా నడవాలి, పెన్సిలు కాగితం మీద అదే వేగంతో నడవాలి. తీరా చూస్తే అల్లం కొమ్ములా వస్తుంది. ఫరవాలేదు. ఇంకో కిటుకు, నడుం మీద చెయ్యి పెట్టుకున్న మనిషిని వేసేటప్పుడు చేతిని వదిలేసి, చేతికీ నడుముకీ మధ్య ఉన్న ఖాళీని వెయ్యి. ఆ ఖాళీ ముక్క ఆకారం కుదిరితే చెయ్యి దానంతటదే కుదురుతుంది. ఇవేవీ నేను కనిపెట్టినవి కావు, ఏ ఆర్టు కాలేజీలోనైనా మొదటి ఏడు చెప్పేవే. మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పిల్లలు ఇరానీ హోటళ్లలో కూచుని గీస్తూ కనిపిస్తారు, వాళ్లతో స్నేహం చెయ్యి. ఒంటరిగా గీసే దానికంటే పక్కన ఇంకొకరు ఉంటే సిగ్గు సగం తగ్గుతుంది.

రబ్బరు మాత్రం ఇంట్లో పారేసిపో. బాల్‌పెన్నుతో వెయ్యి. తప్పు గీత పడితే దాని పక్కనే ఒప్పు గీత వెయ్యి. రెండూ ఉండనీ. చిట్టాలో అంకె తప్పితే కొట్టేసి పక్కన రాస్తారు గానీ గీకి చెరిపితే దొంగ లెక్క అంటారు.

ఇంతకీ ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని నీ మనసులో ఉంది, నాకు తెలుసు. ఫోటో తియ్యి, తప్పకుండా తియ్యి, సాక్ష్యానికి పనికొస్తుంది. కానీ ముందు గీసి, తరవాత తియ్యి. ముందు ఫోటో తీశావంటే ఇక చూడటం మానేస్తావు, పని అయిపోయిందని కన్ను పడుకుంటుంది. ఇప్పుడింకొకటి వచ్చింది కదా, మండువా లోగిలి అని టైపు చేస్తే కంప్యూటరు రెండు నిమిషాల్లో ఇరవై లోగిళ్లు వేసి పెడుతోంది. డైరెక్టర్లు అవే పట్టుకొస్తున్నారని, ఇక మనకి పని ఉండదేమోనని నువ్వు బెంగపడ్డావు. మొన్న నువ్వు చూపించినవాటిలో ఒకటి పెద్దది చేసి చూశాను. అద్భుతంగా ఉంది. స్తంభాలు, దూలాలు, ఎండ, అన్నీ. వాన పడితే ఆ మండువాలో నీళ్లు ఎటు పోతాయో చూడు. తూము లేదు. ఆ ఇంట్లోవాళ్లు శ్రావణమాసంలో మునిగిపోతారు! మీ అమ్మమ్మగారింటి మండువాలో నువ్వు కాగితం పడవలు వదిలిన తూము ఏ మూల ఉందో నీకు తెలుసు. సెట్టు కట్టేది మేస్త్రి, ఆయన అడిగేది ఆ తూము గురించే.

ఊహ వద్దని చెప్పడం లేదు. 'మాయాబజార్' 1957లో వచ్చింది. గిల్పం, గింబళి అని మాటలు పుట్టించడం పింగళి నాగేంద్రరావు గారి వంతు. బాగుంది, మరి ఆ వస్తువులు? ప్రపంచంలో లేని వస్తువుని ఎవరో ఒకరు గీసి, వడ్రంగికి చెప్పి, చేయించి, కెమెరా ముందు పెట్టాలి కదా! మాధవపెద్ది గోఖలే, కళాధర్ గార్లు కళాదర్శకులు. గోఖలే గారు చిత్రకారుడే కాదు, పల్లెటూరి జనం మీద కథలు రాసిన మనిషి కూడా. లోకంలో ఉన్న మంచమూ కంబళీ బాగా ఎరిగిన వాళ్లు కాబట్టి లేనివి కూడా నమ్మేలా చేశారు.

ఇంకో ఉదాహరణ ఇక్కడిదే. 1988 నాటి నర్సింగరావు గారి 'దాసి' సినిమాకి కళాదర్శకత్వంలో జాతీయ పురస్కారం ఎవరికి వచ్చింది? తోట వైకుంఠం గారికి. సెట్టింగులు వేసే వృత్తి ఆయనది కాదు, ఆయన పెయింటరు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి ఆయనది. బరోడా వెళ్లి సుబ్రహ్మణ్యన్ గారి దగ్గర చదువుకుని కూడా మళ్లీ తన ఊరి ఆడవాళ్ల దగ్గరికే వచ్చాడు, పెద్ద బొట్టు, ముదురు చీర, నల్లని ఒళ్లు. అదే మనుషుల్ని జీవితమంతా గీసినవాడికి గడీలో దాసి ఎక్కడ కూచుంటుందో, ఏ గిన్నెలో తింటుందో ఇంకొకరు చెప్పాలా? అవార్డు సెట్టుకి వచ్చిందని లోకం అనుకుంది. నాకైతే ఆ చూపుకి వచ్చిందనిపిస్తుంది.

సెలవులకి ఊరెళ్లినప్పుడు ఒక పూట రాజమండ్రిలో ఆగు. చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీ ఉంది. 1925లో పోయాడు, 28 ఏళ్లు నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చెయ్యి చూసి 1916లో బొంబాయి జేజే స్కూలుకి పంపించాడు. ఆ కొద్ది ఆయుష్షులో వేసిన రంగుల చిత్రాలు సరే, వాటితోపాటు స్కెచ్ పుస్తకాలు పాతిక పైచిలుకు మిగిల్చి వెళ్లాడు. జనం రంగుల బొమ్మల ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. నువ్వు పెన్సిలు గీతల ముందు నిలబడు.

పనిలో చేరావు కాబట్టి ఒక హెచ్చరిక కూడా. పుస్తకాలు రెండు ఉండాలి. కంపెనీ పని వేరే పుస్తకంలో వెయ్యి, అది ఆఫీసులోనే వదిలి రా. సెట్టు ప్లానో, హీరో గెటప్పో నీ సొంత చిట్టాలో వేసి, ఏ మెట్లమీదో మరచిపోతే సినిమా రిలీజు కాకుండానే ఊరంతా చూస్తుంది, ఆ తరవాత నిన్ను ఎవరూ లోపలికి రానివ్వరు. సొంత చిట్టా కూడా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకు. పెట్టావంటే మర్నాటి నుంచి లైకుల కోసం వేస్తావు, చిట్టా మళ్లీ ఆవర్జా అయిపోతుంది. చూపించాలనిపిస్తే వడ్రంగులకి చూపించు, మౌల్డర్లకి చూపించు. ఫిల్మ్‌నగర్‌లో వాళ్లకి మించిన విమర్శకులు లేరు. "బాగుంది మేడమ్" అంటే ఏమీ లేదని అర్థం. "ఈ కొక్కెం ఇటు తిరగదు మేడమ్" అన్నారంటే నీ బొమ్మని నమ్మారన్నమాట.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. గంట గంట కూచుంటానని ఒట్లు పెట్టుకోకు, నాలుగో రోజుకి ఆ ఒట్టు గట్టు మీద ఉంటుంది. ప్రతి పేజీ మూల తేదీ, చోటు రాయి. జ్వరమొస్తే మాత్రల డబ్బా వెయ్యి. అలిగితే ఎవరి మీద అలిగావో వాళ్ల చెప్పులు వెయ్యి.

నీ ఖరీదైన పుస్తకం బీరువాలో దాచుకో, పెళ్లి శుభలేఖల నమూనాలకి పనికొస్తుంది. దానికి బదులు ఒకటి పంపిస్తున్నాను. కోఠీలో కాగితం దిస్తాలు కొని, యూసుఫ్‌గూడలో బైండింగు చేసే అబ్బాయి చేత కుట్టించాను. ఎర్ర గుడ్డ అట్ట వేయించమన్నాను, మీ తాతయ్య కొట్లో ఉన్నట్టు. కాగితం చవక, రెండో వైపుకి సిరా దిగుతుంది, తిట్టుకోకు. మొదటి పేజీ తెల్లగా ఉంటే నీకు మళ్లీ చెయ్యి ఆడదని తెలుసు, అందుకని అది నేనే పాడు చేసి ఇస్తున్నాను. మీ అత్తయ్య కాఫీ ఫిల్టరు. పై గిన్నె వంకర పోయింది, మూత బొడిపె మధ్యలో లేదు, మీద ఒక చుక్క కాఫీ కూడా పడింది. ఎత్తు జానకి రెండు వేళ్లు తక్కువ, నా జానతో. నీ జానతో ఎంతవుతుందో కింద రాసి, రెండో పేజీ తిప్పు.

— మీ మామయ్య